హెల్మెట్ ఊగకుండా హైవే మీద వెళ్లడం ఎలా: బైక్, ట్రైక్ (మూడు చక్రాల బండి) నడిపేవారు గాలి దెబ్బ తగ్గించుకునే పద్ధతి

“80 దాటితే తల పట్టుకుని ఎవరో కుదుపుతున్నట్టు ఉంటోంది, ఏ విండ్‌షీల్డ్ కొనమంటారు?” ఈ ప్రశ్న ఇప్పటికి చాలామంది అడిగారు. అందరికీ చెప్పేది ఒకటే: ఇంకా ఏమీ కొనకండి. ముందు ఒక ఉదయం రెండు గంటలు కేటాయించి, గాలి ఎటునుంచి వచ్చి కొడుతోందో కనిపెట్టండి.

గాలి తగలడం వేరు, గాలి బాదడం వేరు. షీల్డ్, అంటే బండి ముందు గాలికి అడ్డుగా బిగించే ప్లాస్టిక్ పలక, లేని బండి మీద గాలి ఛాతీని ఒకే తీరున నెడుతుంది. చేతులు లాగుతాయి, మెడ అలసిపోతుంది, కానీ చూపు నిలకడగా ఉంటుంది. అదే గాలి షీల్డ్ పై అంచు దగ్గర తెగి, సుడులు తిరుగుతూ హెల్మెట్‌కి తగిలితే తల ఆగకుండా అదురుతుంది. స్పీడోమీటర్ అంకెలు మసకబారతాయి. బఫెటింగ్ అంటే ఇదే.

ఇది తెలియక నేను 3,500 రూపాయలు పోగొట్టుకున్నాను. “పొడుగుంటే గాలే రాదు సార్” అన్న షాపు అబ్బాయి మాట విని పెద్ద షీల్డ్ బిగించుకున్నాను. విజయవాడ రోడ్డు ఎక్కి చౌటుప్పల్ చేరేసరికి తలనొప్పి మొదలైంది. అంతకుముందు భుజాలకు తగిలిన చెదిరిన గాలి ఇప్పుడు నేరుగా చెవుల దగ్గరికి వచ్చింది, అంతే తేడా.

## 1. మొదట హెల్మెట్ చూడండి

బండిని తప్పుపట్టే ముందు ఇది తేల్చుకోవాలి. వదులు హెల్మెట్ మంచి గాలిలో కూడా ఊగుతుంది.

- హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించాక, దాన్ని రెండు చేతులతో పట్టుకుని పక్కకు తిప్పండి. బుగ్గల చర్మం కూడా దానితో పాటు కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగితే వదులైనట్టే.
- బుగ్గల దగ్గరి ప్యాడ్లు మూడు నాలుగేళ్ల వాడకంలో అణిగిపోతాయి. కొన్ని హెల్మెట్లకు ప్యాడ్లు విడిగా దొరుకుతాయి. కొత్త హెల్మెట్ కొనేముందు అవి అడగండి.
- వైజర్ పూర్తిగా మూసుకోవాలి. కొంచెం తెరిచి ఉంచితే ఆ సందులోంచి దూరే గాలి ఈల వేస్తుంది, హెల్మెట్‌ను పైకి లేపుతుంది.
- ఆఫ్‌రోడ్ తరహా హెల్మెట్‌కి ముందు ఎండ అడ్డు, అదే పీక్, ఉంటే దాన్ని విప్పేసి ఒకసారి నడపండి. సమస్య సగం అక్కడే తీరిపోయినవాళ్లను చూశాను.
- కొట్టుకునే జాకెట్ కాలర్, వేలాడే బ్యాగు పట్టీలు కూడా మెడ దగ్గర గాలిని చెదరగొడతాయి. కట్టేయండి.

తల తిప్పి పక్కకు చూసినప్పుడే హెల్మెట్ లాగుతుంటే అది ఆ హెల్మెట్ ఆకారం వల్ల. దానికి షీల్డ్ మార్చి లాభం లేదు.

## 2. పరీక్షకు ఏర్పాట్లు

గాలి నిలిచి ఉండే వేళ ఎంచుకోండి. మన దగ్గర ఉదయం 6 నుంచి 7 మధ్య బాగుంటుంది. హైదరాబాద్ వాళ్లు ఔటర్ రింగ్ రోడ్డు అనుకోకండి, దాని మీదికి టూ వీలర్లను రానివ్వరు. ఊరు దాటాక విజయవాడ వైపు 65వ నంబరు హైవే గానీ, బెంగళూరు వైపు 44వ నంబరు హైవే గానీ సరిపోతుంది.

వేగం 60, 70, 80 దగ్గర గమనించండి. నాలుగు వరుసల డివైడెడ్ హైవే మీద కేంద్రం మోటార్‌సైకిళ్లకు పెట్టిన గరిష్ఠ పరిమితి 80. బోర్డు మీద అంతకంటే తక్కువ ఉంటే అదే మీ పరిమితి. గాలి ఒత్తిడి వేగం వర్గంతో, అంటే వేగాన్ని వేగంతోనే గుణించిన లెక్కన, పెరుగుతుంది. 60 దగ్గర ఉన్న దానికి 80 దగ్గర దాదాపు 1.8 రెట్లు. అందుకే 60లో హాయిగా ఉన్న షీల్డ్ 80లో నరకం చూపిస్తుంది.

వెంట ఉండాల్సినవి:

- అలెన్ కీల సెట్టు, చిన్న స్క్రూడ్రైవర్
- అతికించి తీసేయగలిగే టేపు
- ఊలు దారం
- స్కేలు, చిన్న నోటుపుస్తకం
- రెండో బండి మీద వచ్చే స్నేహితుడు, అతని వెనక ఫోన్‌తో వీడియో తీసే ఇంకొకరు

బయల్దేరే ముందు టైర్లలో గాలి చూడండి. తల కాక హ్యాండిల్ ఊగుతుంటే అది వేరే జబ్బు. టైరు, చక్రం బ్యాలెన్స్, హ్యాండిల్ తిరిగేచోట ఉండే కోన్ సెట్ బేరింగులు, వెనక పెట్టెలో ఎక్కువ బరువు, వీటిలో ఏదో ఒకటి. ముందు మెకానిక్ దగ్గరికి వెళ్లండి. హ్యాండిల్ ఊగే బండితో ఈ పరీక్షలు చేయొద్దు.

## 3. గాలి ఎటునుంచి కొడుతోంది?

మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే, తొందరపడొద్దు. రోడ్డు ఖాళీగా, సూటిగా ఉన్నచోట, రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచి, ఒక్కో కదలిక రెండు మూడు సెకన్లు చేసి చూడండి.

కాస్త పైకి లేవండి. ఫుట్‌రెస్టుల మీద బరువు వేసి 5 నుంచి 10 సెం.మీ. లేవండి. హోరు పెరిగినా తల అదరడం ఆగితే, మంచి గాలి మీ తలకు కొంచెం పైనే ఉంది. షీల్డ్ తగ్గిస్తే ఆ గాలి కిందికి, మీ హెల్మెట్ మీదికి దిగుతుంది.

తల దించండి. వీపు కొంచెం వంచి తలను 5 సెం.మీ. దించగానే ప్రశాంతంగా ఉంటే, షీల్డ్ ఇంకాస్త ఎత్తుండాలి. ఎంత దించారో గుర్తుపెట్టుకోండి, కొనేటప్పుడు ఆ కొలతే కావాలి.

ముందుకు వంగండి. తల ఎత్తు మారకుండా షీల్డ్‌కి దగ్గరగా జరిగితే ఊపు ఆగుతోందా? అయితే ఎత్తు సరిగ్గానే ఉంది, దూరమే ఎక్కువ. షీల్డ్‌ను మీ వైపు తేవాలి.

మోకాళ్లు ట్యాంకుకు నొక్కండి. గడ్డం కిందనుంచి హెల్మెట్‌ను పైకి లేపుతున్నట్టు ఉండి, మోకాళ్లు దగ్గరకు తేగానే తేడా కనిపిస్తే, గాలి ఫోర్కుల (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాల) మధ్యనుంచి, ట్యాంకు మీదుగా వస్తోంది. చాలామంది అసలు ఆలోచించని దారి ఇది.

మోచేతులు బయటికి పెట్టండి. తల పక్కలకు ఊగడం మారితే షీల్డ్ అంచుల నుంచో, అద్దాల నుంచో, హ్యాండ్ గార్డుల నుంచో వస్తోంది.

ఇవన్నీ అయ్యాక షీల్డ్ మొత్తం విప్పేసి అదే దారిలో మళ్లీ నడపండి. చాలా బండ్లకు నాలుగు బోల్టులే. నా లెక్కలో అన్నిటికంటే నిజం చెప్పే పరీక్ష ఇది. ఊపు పోతే దొంగ దొరికినట్టే. పోకపోతే హెల్మెట్ గానీ, కింది గాలి గానీ. కొందరు ఈ పరీక్ష తర్వాత షీల్డ్ తిరిగి బిగించనే లేదు, దానివల్ల వాళ్లకేమీ ఇబ్బంది రాలేదు.

ఊలు దారం సంగతి. 10 సెం.మీ. ముక్కలు కోసి, షీల్డ్ పై అంచున, పక్కల, హెల్మెట్ మీద నాలుగైదు చోట్ల టేపుతో అతికించండి. పక్క బండి మీద వెనక కూర్చున్నవారు వీడియో తీయాలి. దారం వెనక్కి సూటిగా పరుచుకుంటే అక్కడ గాలి సాఫీగా పోతోంది. గిరగిరా తిరిగినా, ముందుకు మడిచినా అక్కడ సుడి ఉంది. హెల్మెట్ మీది దారాలు తిరుగుతుంటే ఇంకా పని మిగిలి ఉందన్నమాట.

## 4. డబ్బు ఖర్చు కాని మార్పులు

ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చిన ప్రతిసారీ అదే దారిలో, పోనూ రానూ, రెండు వైపులా నడపండి. పోయేటప్పుడు వెనక గాలి ఉంటే వచ్చేటప్పుడు ఎదురు గాలి ఉంటుంది, ఒక్క వైపే చూస్తే మోసపోతారు. రెండు మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో చివరికి తెలియదు.

1. ఎత్తు. షీల్డ్‌కి రెండు మూడు రంధ్రాల వరుసలుంటే అన్నిటికంటే కిందిదానితో మొదలుపెట్టండి. అందరూ పైవరుసతో మొదలుపెడతారు, అక్కడే ఆగిపోతారు.
2. వాలు. నిటారుగా ఉన్న షీల్డ్ గాలిని పైకి విసురుతుంది, కానీ దాని వెనక సుడి పెద్దది. వెనక్కి వాలిన షీల్డ్ గాలిని సాఫీగా పంపుతుంది, కానీ తక్కువ ఎత్తుకు. బోల్టుల దగ్గర రబ్బరు వాషర్లు అటూ ఇటూ మార్చి కొద్ది డిగ్రీలు తేవచ్చు.
3. కింది సందు. షీల్డ్ వెనక గాలి ఒత్తిడి తక్కువ. పై నుంచి వచ్చే గాలి ఆ ఖాళీలోకి వంగి మీ ముఖం మీద పడుతుంది. షీల్డ్ కింది అంచుకీ హెడ్‌లైట్‌కీ మధ్య 1 నుంచి 2.5 సెం.మీ. సందు వదిలితే కొంత గాలి వెనక్కి వచ్చి ఆ ఖాళీని నింపుతుంది. పొడవైన బోల్టులు, మధ్యలో దూరం పెంచే స్పేసర్లు చాలు.
4. సీటు. 2 సెం.మీ. మెత్త వేసుకున్నా, మెత్త అణిగిపోయినా తల ఎత్తు మారిపోతుంది. కొత్త సీటు కవరు వేయించాక ఊపు మొదలైందా అని గుర్తు తెచ్చుకోండి.

మూడోది నమ్మబుద్ధి కాదు, గాలి ఆపడానికి పెట్టిన షీల్డ్‌కి సందు వదలడమేమిటి అనిపిస్తుంది. హార్లే డేవిడ్సన్ 2014 మోడళ్ల నుంచి తన బ్యాట్‌వింగ్ ఫెయిరింగ్‌లో, అంటే హ్యాండిల్ ముందుండే గబ్బిలం రెక్కల ఆకారపు తొడుగులో, తెరిచి మూసే గాలి దారి పెట్టింది సరిగ్గా ఇందుకే. షీల్డ్ వెనక ఒత్తిడి సమం చేసి తల ఊపు తగ్గించడానికి.

## 5. కొనాల్సి వస్తే

ఇంకా ఎత్తు కావాలని తేలితే, ముందు ఒక పారదర్శక ప్లాస్టిక్ షీటు కోసి, షీల్డ్ పై అంచుకు రెండు వైపులా గట్టిగా టేపు వేసి పెంచి చూడండి. ఇది తాత్కాలికం, 60 దాటించొద్దు. 3 సెం.మీ., 5 సెం.మీ., 8 సెం.మీ. ఇలా. తేడా వచ్చిన కొలతే మీ కొలత.

5 నుంచి 8 సెం.మీ. లోపు అయితే కొత్త షీల్డ్ అక్కర్లేదు. పైన క్లిప్పులతో బిగించే చిన్న డిఫ్లెక్టర్, అంటే గాలిని మళ్లించే పలక, చాలు. దాని వాలు మార్చుకోవచ్చు, షీల్డ్‌తో దానికీ మధ్య సందు ఉంటుంది కాబట్టి గాలి రెండు పొరలుగా పోతుంది. మొదటి ఖర్చుగా నేను చెప్పేది ఇదే.

పెద్ద షీల్డే కొంటే ఇవి చూడండి:

- మామూలుగా కూర్చుంటే చూపు షీల్డ్ పై అంచు మీదుగా పోవాలి, షీల్డ్‌లోంచి కాదు. అంచు మీ ముక్కు ఎత్తుకు మించకూడదు. వానలో, రాత్రి, ఎదురు లైట్లు పడ్డప్పుడు గీతలు పడ్డ షీల్డ్‌లోంచి ఏమీ కనిపించదు.
- పై అంచు కొంచెం పైకి వంపు తిరిగి ఉంటే, అసలు ఎత్తు కంటే ఎక్కువ పనిచేస్తుంది.
- పాలీకార్బొనేట్ దెబ్బకు తట్టుకుంటుంది, గీతలు త్వరగా పడతాయి. యాక్రిలిక్ మెరుపు నిలుపుకుంటుంది, గట్టి దెబ్బకు పగులుతుంది.
- హ్యాండిల్‌కి బిగించే పెద్ద షీల్డ్ వద్దు. దాని మీద పడే గాలి నేరుగా స్టీరింగ్‌లోకి వస్తుంది, వేగంలో బండి పాములా పోతుంది. చిన్నదైతే ఫరవాలేదు. పెద్దది కావాలంటే ఫ్రేముకు బిగించేదే చూడండి.

## 6. కింది గాలికి అడ్డు

మోకాళ్ల పరీక్షలో తేడా కనిపించినవారికే ఇది. ఫోర్కుల పక్కన, హెడ్‌లైట్ కింద బిగించే చిన్న డిఫ్లెక్టర్లు దొరుకుతాయి. అవి కొనేముందు, గట్టి ప్లాస్టిక్ ముక్కను జిప్ టైలతో కట్టి 60లో చూడండి.

హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, తీగలు గానీ కేబుళ్లు గానీ తగలడం లేదని చూసుకోవాలి. రేడియేటర్‌కి, ఆయిల్ కూలర్‌కి వెళ్లే గాలిని మూయకండి. జనవరిలో బిగించినప్పుడు ఏమీ తెలియదు. మేలో విజయవాడ ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు తెలుస్తుంది.

ట్యాంక్ బ్యాగు పెద్దదైతే అది కూడా గాలిని గడ్డం కిందికి ఎగదోస్తుంది. ఒకసారి తీసేసి నడిపి చూడండి.

## 7. బిగించేటప్పుడు జరిగే తప్పులు

- బోల్టు బలంకొద్దీ తిప్పడం. ప్లాస్టిక్ రంధ్రం దగ్గర సన్నగా చీలి, నెల తర్వాత అక్కడినుంచే పగులుతుంది. రబ్బరు వాషర్ కొంచెం నొక్కుకుంటే చాలు.
- పెట్రోలుతోనో, థిన్నర్‌తోనో తుడవడం. షీల్డ్ వెలిసిపోయి వలలా సన్నటి పగుళ్లు వస్తాయి. సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ. పురుగులు ఎండిపోయి ఉంటే తడిగుడ్డ పది నిమిషాలు పరిచి ఉంచండి.
- బిగించాక మళ్లీ చూడకపోవడం. మొదటి 100 కిలోమీటర్ల తర్వాత అన్ని బోల్టులూ ఒకసారి తాకండి.

## 8. ట్రైక్ అయితే

అమెరికాలో హార్లే ట్రై గ్లైడ్, క్యాన్-ఆమ్ స్పైడర్ లాంటివి నడిపే మనవాళ్లకు ఈ భాగం. అక్కడి హైవేల మీద 75 మైళ్లంటే గంటకు 120 కిలోమీటర్లు. 80తో పోలిస్తే గాలి ఒత్తిడి 2.25 రెట్లు. ఇక్కడ చిన్నగా ఉన్న లోపం అక్కడ భరించలేనిదవుతుంది.

పై పరీక్షలన్నీ పనికొస్తాయి, తేడాలు మూడు. మొదటిది, ట్రైక్ వాలదు. బైక్ మీద పక్కగాలి వస్తే తెలియకుండానే గాలివైపు ఒరుగుతాం. ట్రైక్ మీద గాలి మిమ్మల్ని పక్కకు తోస్తుంది, హ్యాండిల్ గట్టిగా పట్టుకుని సరిచేస్తారు, భుజాలు బిగుసుకుంటాయి. దీన్ని బఫెటింగ్ అనుకుని షీల్డ్ మార్చేవాళ్లున్నారు. గాలి లేని రోజు నడిపి చూస్తే ఏది ఏదో తేలిపోతుంది.

రెండోది, ముందు రెండు చక్రాలుండే స్పైడర్ తరహా బండ్లలో ఆ చక్రాల మధ్యనుంచి, పక్కలనుంచి గాలి కాళ్ల మీదికి, అక్కడినుంచి ఛాతీ మీదికి ఎక్కుతుంది. కాబట్టి కింది డిఫ్లెక్టర్లతో మొదలుపెట్టండి, పై షీల్డ్ తర్వాత. మూడోది, షీల్డ్ బటన్‌తో పైకీ కిందికీ జరిగే బండ్లలో అందరూ దాన్ని పూర్తిగా పైకి లేపేస్తారు. కింది నుంచి కొద్దికొద్దిగా లేపుతూ, ఊపు ఆగిన మొదటి చోటే ఆపండి.

మన ఊళ్లలో ట్రైక్ అంటే ఎక్కువగా వికలాంగులు నడిపే, పక్క చక్రాలు బిగించిన స్కూటర్లే. వాటి వేగానికి తల ఊపు పెద్ద సమస్య కాదు. పెద్ద షీల్డ్ పెడితే వంతెనల మీద పక్కగాలి పట్టుకుని లాగుతుంది, అది నిజమైన ఇబ్బంది. చిన్న షీల్డ్, బిగుతైన హెల్మెట్, అంతటితో ఆపడం మేలు. ఇంకో మాట: మామూలు బైకును ట్రైక్‌గా మార్పించాలనుకుంటే, ఆర్సీలో రాసిన వివరాలు మారే మార్పుకు రవాణా శాఖ అనుమతి తప్పనిసరి. షీల్డ్ మార్చినంత తేలిక కాదు.

## 9. షీల్డ్ తీర్చలేనివి

హోరు. ఊపు పోయినా శబ్దం ఉంటుంది. హైవే వేగంలో హెల్మెట్ లోపల 90 డెసిబెల్స్ తేలిగ్గా దాటుతుంది. వినికిడికి 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు, 94 దగ్గర ఒక గంట హద్దు అని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతుంది. మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ చవక. సన్నగా నులిమి, చెవి పైకి లాగి, లోపల పెట్టి, ఉబ్బేదాకా వేలితో పట్టుకోండి. హారన్లు వినిపిస్తూనే ఉంటాయి. ఇయర్‌ఫోన్స్ దీనికి బదులు కావు.

లారీలు. లారీ వెనక చెదిరిన గాలి చాలా దూరం వస్తుంది. ఏ షీల్డ్ అయినా అక్కడ ఊగుతుంది. వెనక అంటుకుని పోకుండా, దాటితే దాటండి, లేదా వెనకబడండి.

పక్కగాలి. జూన్ నుంచి ఆగస్టు వరకు అనంతపురం, పెనుకొండ ప్రాంతంలో పడమటి గాలి ఎలా ఉంటుందో రామగిరి కొండల మీది గాలిమరలే చెబుతాయి. బెంగళూరు నుంచి హైదరాబాద్ వైపు వస్తుంటే ఆ గాలి మీకు ఎడమనుంచి. లారీని కుడిపక్కనుంచి దాటేటప్పుడు దాని నీడలో గాలి ఆగిపోతుంది. క్యాబిన్ దాటిన క్షణంలో ఒక్కసారిగా కొట్టి డివైడర్ వైపు తోస్తుంది. ముందే ఊహించి, చేతులు వదులుగా ఉంచి, లారీకీ మీకూ, మీకూ డివైడర్‌కీ మధ్య జాగా చూసుకుని దాటండి.

## 10. వెనక మనిషితో మళ్లీ పరీక్ష

ఒంటరిగా అన్నీ సరిచేసుకుని సంబరపడ్డాక, సూర్యాపేట దాకా మా ఆవిడను తీసుకెళ్లాను. టీ దగ్గర దిగి, “నీకు హాయిగానే ఉన్నట్టుంది, గాలంతా నాకే కొడుతోంది” అంది. నిజమే. వెనక సీటు ఎత్తుగా ఉంటుంది, నా తల మీదుగా పోయిన గాలి తన హెల్మెట్ దగ్గర దిగుతోంది.

పైగా వెనక బరువు పడితే బండి వెనక్కి కుంగుతుంది, దానితో పాటు షీల్డ్ కూడా వెనక్కి వాలుతుంది. మీరు కష్టపడి కుదుర్చుకున్న వాలు మారిపోతుంది. ఈ వరుసలో చేయండి:

- వెనక షాక్ అబ్జార్బర్ ప్రీలోడ్ (స్ప్రింగు బిగువు) రెండు మెట్లు పెంచండి. చాలా బండ్ల టూల్ కిట్‌లో దానికి స్పానర్ ఉంటుంది.
- వెనక కూర్చున్నవారిని దగ్గరగా జరిగి కూర్చోమనండి. ఇద్దరి మధ్య ఖాళీ తగ్గితే సుడి తగ్గుతుంది.
- షీల్డ్ ఒక వరుస దించి చూడండి. మీకు కొంచెం గాలి పెరుగుతుంది, వాళ్లకు ఊపు తగ్గుతుంది.
- వాళ్ల హెల్మెట్‌కి ఒకటో నంబరు పరీక్ష మొత్తం చేయండి. మా ఇంట్లో తప్పు అక్కడే దొరికింది. తను పెట్టుకున్నది నా పాత హెల్మెట్, రెండు సైజులు పెద్దది.